చిలకా మీద చెరిగిన గీత

బరంపురంలో ఉత్తరం వైపు వెళ్లే రైలెక్కితే కుడి వైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఛత్రపురం, గంజాం, హుమ్మ దాటాక రంభ వస్తుంది. ఎడమ వైపు తూర్పు కనుమలు, కుడి వైపు నీళ్లు. అదే చిలకా. పిల్లలు చూసి సముద్రమనుకుంటారు, అదీ నిజానికి దగ్గరే. తూర్పున ఒక ఇసుక దిబ్బే దీన్ని బంగాళాఖాతం నుంచి వేరు చేస్తోంది. ఉత్తరాన మహానది పాయలైన దయ, భార్గవి మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. మొగలోంచి ఉప్పునీరు ఎక్కుతుంది. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకునే ఈ సరస్సు ఎండలకు 900 దాకా ముడుచుకుంటుంది.

ఈ నీటి మీద ఒకప్పుడు సరిహద్దు గీత ఉండేదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? రంభ వైపు దక్షిణపు కొస మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాది. మిగిలినది పూరీ జిల్లాది. అది 1912 వరకు బెంగాలు కింద, తరువాత బీహారు-ఒరిస్సా కింద ఉండేది.

రంభ గట్టున 1790లలో గంజాం అధికారి స్నాడ్‌గ్రాస్ దొర మేడ కట్టించాడు. ఉద్యోగం పోయాక ఈ పెద్దమనిషి లండనులో కంపెనీ కచేరీ ముందు వీధి ఊడ్చి పింఛను సాధించుకున్నాడని కథ! తరువాత ఆ మేడ ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. ఒడియా ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందికి రావాలన్న ఆలోచన 1903లో అక్కడే రూపు దిద్దుకుందంటారు.

1936 ఏప్రిల్ 1న ఆ కోరిక నెరవేరింది. చిలకా మీది గీత చెరిగిపోయి, దక్షిణాన ఇచ్ఛాపురం పక్కన పడింది. వి.వి. గిరి గారు పుట్టిన బరంపురంలో మనవాళ్లు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. ఇచ్ఛాపురంలో పిల్లనిచ్చిన ఇల్లు పరాయి రాష్ట్రమైంది. దీనికి ఎవరిని తప్పుపట్టగలం? రెండు భాషలూ కలిసి కాపురం చేసే చోట గీత ఎక్కడ గీసినా కొందరు అవతల పడక తప్పదు.

నీళ్ల సంగతి వేరు. ఇసుక మేట వేసి మొగ పూడుకుపోతుంటే 1990లలో చిలకాలో ఉప్పు తగ్గింది, కలుపు పెరిగింది, చేపలు కరువయ్యాయి. గంజాం వైపు రంభకూ, పూరీ వైపు సాతపడాకూ ఒకే కష్టం. అక్కడివారు నోలియాలని పిలిచే మన తెలుగు జాలర్లకూ అంతే. 2000 సెప్టెంబరులో పూరీ జిల్లా వైపు ఇసుక దిబ్బను తవ్వి కొత్త మొగ తెరిచారు. ఉప్పునీరు మళ్లీ ఎక్కింది. చేపలు, రొయ్యలు, పీతలు తిరిగొచ్చాయి.

వెళ్లదలచినవారు డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి. దూరదేశాల పక్షులు లక్షల్లో దిగేది అప్పుడే.