నీలిరంగు వెంబడి వరంగల్‌లో ఒక దినము

మన పల్లె సంఘాలలో ఆరాధనకు ముందు జరిగే మొదటి పని జంపఖానా పరచడం. ఎరుపు, నీలం పట్టీల ఆ జంపఖానా మీద మనం ఏళ్ల తరబడి కూర్చున్నాము, మోకరించాము. అయితే ఆ నీలం ఎక్కడిదని అడిగేవారు అరుదు. ఈమధ్య వరంగల్‌లో ఒక పని చూసుకొని, మిగిలిన దినమంతా ఈ ఒక్క రంగు వెంబడి తిరిగి చూశాము. మా సంఘములోని ఇద్దరు యౌవనస్థులు తోడుగా వచ్చారు.

కొత్తవాడలో

మొదట కొత్తవాడకు వెళ్లాము. వరంగల్ జంపఖానాలకు ఇదే పుట్టినిల్లు. వీటిని శత్రంజీలని కొందరు, దర్రీలని కొందరు అంటారు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఈ ప్రాంతంలో ఈ పద్ధతిలో నేసినవాటికే ఆ పేరు చెల్లుతుంది. ఒక ఇంటి ముందు రంగు వేసిన నూలు దండెం మీద ఆరుతూ ఉన్నది. లోపల నేతగాడు పడుగు మధ్యకు పేక పోనిచ్చి గట్టిగా దట్టిస్తున్నాడు. నేడు నూలుకు వేసేవి ఎక్కువగా రసాయన రంగులే. ఒకప్పుడైతే నీలం కావాలంటే ఆకును ఆశ్రయించవలసిందే.

నీలి మొక్క పప్పుజాతికి చెందినది. దాని ఆకు పచ్చగానే ఉంటుంది, నీలం పైకి ఎక్కడా కనబడదు. కోసిన కొమ్మలను తొట్టిలో నానవేసి, పులిసిన నీటిని చిలికితే, గాలి తగిలి నీలం అడుగుకు దిగుతుంది. దానిని ముద్దలు చేసి ఆరబెడితే నీలిమందు. ఈ ముద్ద వట్టి నీళ్లలో కరగదు. అందుచేత అద్దకంవారు సున్నము, బెల్లము వంటివి చేర్చి మరల పులియబెడతారు. ఆ తొట్టిలో ముంచిన నూలు పసుపుపచ్చగా బయటికి వచ్చి, గాలి తగలగానే మన కళ్లముందే నీలమవుతుంది. గాలిలోని ప్రాణవాయువు చేసే పని ఇది.

17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు నాగులవంచలో స్థావరం పెట్టుకొని నీలిమందును, బట్టలను కొనేవారు. నాగులవంచ నేడు ఖమ్మం జిల్లాలో ఉన్నది. 1953 వరకు ఖమ్మం ప్రాంతమంతా వరంగల్ జిల్లాలోనిదే. కాబట్టి ఈ రంగు మన వాకిట్లోనుండే ఓడలెక్కిందని చెప్పవచ్చును.

రంగు వెనుక కన్నీళ్లు

అయితే నీలి చరిత్ర అంతా అందమైనది కాదు. బెంగాలులో తెల్లదొరలు రైతులకు బయానా అంటగట్టి, వరి వేయవలసిన భూమిలో బలవంతంగా నీలి వేయించారు. 1859లో రైతులు తిరగబడ్డారు. వారి బాధను దీనబంధు మిత్ర 1860లో 'నీల్ దర్పణ్' అనే నాటకంగా వ్రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని అచ్చు వేయించినవాడు జేమ్స్ లాంగ్ అనే మిషనరీ. 1861లో కోర్టు ఆయనకు వెయ్యి రూపాయల జరిమానా, నెల దినముల జైలు విధించింది. ఆ జరిమానా చెల్లించినవాడు కాళీప్రసన్న సింహ అనే హిందూ పెద్దమనిషి. రైతు పక్షాన నిలిచినందుకు ఒక బోధకుడు చెరసాలకు పోయిన ఈ సంగతి మన సంఘాలు మరువకూడదు.

తరువాత జర్మనీలో బేయర్ అనే శాస్త్రజ్ఞుడు 1880లో నీలిమందును రసాయనాలతో తయారుచేశాడు. 1897 నుండి ఫ్యాక్టరీ నీలిమందు బజారుకు వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే మన నీలి సాగు అడుగంటింది.

మందుల దుకాణం ముందు

మధ్యాహ్నం ఎనుమాముల మార్కెట్టు వైపు వెళ్లాము. పత్తి కాలంలో ఇక్కడ బండ్లు బారులు తీరుతాయి. దారిలో పురుగుమందుల దుకాణం వద్ద ఆగి, సీసాల మీది చీటీలను యౌవనస్థులకు చూపించాము. ప్రతి చీటీ మీద మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో ఉండే రంగును బట్టి విషపు తీవ్రత తెలుస్తుంది. ఎరుపు అత్యంత విషము, దాని పైసగంలో పుర్రె గుర్తు కూడా ఉంటుంది. పసుపు మిక్కిలి విషము. మూడవది నీలము. నాలుగవది ఆకుపచ్చ.

నీలం గుర్తును చూసి, "ఇది మామూలు మందే" అనుకొనేవారు ఉన్నారు. ఎలుకల మీద చేసిన పరీక్షలో, శరీర బరువు కిలోకు 501 నుండి 5000 మిల్లీగ్రాముల మోతాదులో సగం ఎలుకలు చస్తే ఆ మందుకు నీలం గుర్తు వేస్తారు. ఆ లెక్కను మనిషికి యథాతథంగా వర్తింపజేయలేము గాని, కింది అంకెతో చూస్తే పది కిలోల పసిబిడ్డకు అది సుమారు అయిదు గ్రాములు. అంటే ఒక చిన్న చెంచాడు! నీలం గుర్తు పైసగంలో 'డేంజర్' అని వ్రాసి ఉండడం ఊరికే కాదు. మైలుతుత్తం పలుకులు కూడా అందమైన నీలంగా మెరుస్తాయి. సున్నంతో కలిపితే తెగుళ్లకు వాడే బోర్డో మిశ్రమం అవుతుంది, కడుపులోకి పోతే అదీ విషమే. ఒకప్పుడు రేషన్ షాపులో ఇచ్చిన నీలి కిరోసిన్‌ను నీళ్లనుకొని తాగిన పిల్లల సంగతి పాతతరం తల్లులకు తెలుసు.

మన భాషలో 'మందు' అనే మాట ఒక్కటే. రోగానికీ మందే, పురుగుకూ మందే, బట్టల తెలుపుకు వేసేదీ నీలిమందే. సారాయిని కూడా మందు అనే అంటున్నారు. పొలంలో మందు కొట్టాడంటే ఒక అర్థం, సాయంత్రం మందు కొట్టాడంటే మరొక అర్థం! చెడ్డదానికి మంచి పేరు పెడితే భయం పోతుంది. అమెరికాలో ఫెంటానిల్ అనే ప్రాణాంతకమైన మత్తు కలిపిన నకిలీ మాత్రలను 'బ్లూస్' అని ముద్దుగా పిలుస్తారు. అశ్లీల చిత్రాలకు నీలి చిత్రాలన్న పేరు మన యౌవనస్థులకు తెలియనిది కాదు. మన వైపు అల్ప్రజోలం, డయజిపామ్ వంటి నిద్రమందులు కల్లులో కలిపే దుర్మార్గం చాలాకాలంగా ఉన్నది.

1997–98లో లద్దెపురుగు పత్తిని తినివేసినప్పుడు, అప్పుల పాలైన వరంగల్ జిల్లా రైతులు అనేకులు, పురుగు చావని మందునే తాగి ప్రాణాలు తీసుకొన్నారు. ఆ సంవత్సరాన్ని ఈ జిల్లా ఇంకా మోస్తూనే ఉన్నది.

గుర్తు చేసే దారము

సాయంత్రం తిరుగు ప్రయాణంలో యౌవనస్థులలో ఒకరు, "అయ్యగారూ, బైబిల్లో నీలిరంగు ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నది. ప్రధాన యాజకుని నిలువుటంగీ అంతా నీలమే. అయితే సంఖ్యాకాండము 15వ అధ్యాయములో దేవుడు సామాన్యులను కూడా మరువలేదు. ప్రతివాడు తన బట్ట అంచుల కుచ్చులకు నీలి దారము తగిలించుకోవాలని ఆజ్ఞాపించాడు. ఆ రంగును సముద్రపు నత్తనుండి తీసేవారని పండితులు చెబుతారు. అది ఎంతో ఖరీదైనది. అయినను పేదవానికి కూడా ఒక్క దారము ఉండవలసిందే. అది అలంకారానికి కాదు. దానిని చూసి ఆజ్ఞలను జ్ఞాపకం చేసుకోవడానికి, కన్ను లాగినచోటికి పోకుండా ఉండడానికి.

ప్రియ పాఠకులారా, సీసా మీది నీలం కూడా చూసి జ్ఞాపకం చేసుకోవలసిన గుర్తే. మీ ఇంట పురుగుమందు అటకమీదనో, వంటింటి మూలనో ఉన్నదా? దానిని పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాగే నీళ్ల సీసాలో ఎన్నడూ పోయకండి. ఎవరైనా మింగితే బలవంతంగా కక్కించకండి. వెంటనే 108కి ఫోను చేసి, ఆ సీసాను చీటీతో సహా ఆసుపత్రికి తీసుకొనిపొండి. ఏ విషమో తెలిస్తేనే వైద్యుడు త్వరగా చికిత్స చేయగలడు.

మరొక మాట. పంట పోయిన పొరుగువాడు పది దినములుగా మందిరానికి రావడం లేదంటే, వచ్చే ఆదివారం వరకు ఆగకండి. ఈ రాత్రే వెళ్లి అతనితో కూర్చోండి. మనిషి గుండె మీద హెచ్చరిక చీటీ ఉండదు. దగ్గర కూర్చున్నవారికే అది కనబడుతుంది.