అప్పన్నకి కోపం రాదా?

జీఈ రోడ్డు మీద డోంగర్‌గఢ్‌కి నడిచిపోతున్న నవరాత్రి జనం. "జై మాతా దీ" కేకల మధ్య హఠాత్తుగా, "నీళ్ల సీసా తెచ్చినావేటే?"
అచ్చం మన సిక్కోలు యాస!

భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో కొలిమి వెలిగిన నాటి నుంచీ మనవాళ్లు ఇక్కడే. సింహాచలం అప్పన్న మొక్కు అలాగే ఉంది, పక్కన డోంగర్‌గఢ్ కొండ మీది బమ్లేశ్వరి మాత చేరింది. ఆమె గుడికి వెయ్యికి పైగా మెట్లు. రోప్‌వే ఉన్నా మొక్కున్నవాళ్లు దాని వంక చూడరు. రాలేనివాళ్ల పేరున కూడా తొమ్మిది రోజులూ జ్యోతి కలశం వెలుగుతుంది. ఆ ఏర్పాటు నాకు భలే ఇష్టం.

దల్లీ రాజహరా కొండని తవ్వి ఆ కొలిమికి ఇనుము తెచ్చుకున్నాం, అమ్మవారి కొండని మాత్రం చెప్పులిప్పి ఎక్కుతున్నాం. ఎందుకో ఈ తేడా!

మరి మీ ఇంట్లో మొదటి మొక్కు ఏ కొండకి?
రోప్‌వే ఎక్కినవాళ్లూ చెప్పొచ్చు, ఏమనను 😄