లంకలో నా బాల్యము

ధవళేశ్వరమునకు దిగువన, గౌతమీపాయ నడుమ ఇసుకయు ఒండ్రును పేరుకొని యేర్పడిన యొక చిన్న లంకలో నేను పుట్టి పెరిగితిని. బడికి పోవలెనన్న పడవ, వైద్యునికొరకు పడవ, పెండ్లికూతురు అత్తవారింటికి తరలుటకును పడవయే. అది ఆవలియొడ్డున నున్నచో, అరచేతులు నోటికి దొప్పవలె చేర్చి మేము పెట్టిన కేకలు నీటిమీద సాగి సాగి పడవవాని చెవిని బడువరకు రేవులో కూర్చుండవలసినదే. (ఈ యాలస్యమును మా పంతులుగారు మాత్రము ఏనాడును నమ్మలేదు.)

శ్రావణమున నీరు ఎరుపెక్కగనే పెద్దల ముఖములు గంభీరములగును. మాకది పులస రాకకు శుభసూచన. 1953 ఆగష్టు వరదలో, పశువులను ముందుగనే గట్టు చేర్చి, మమ్ము అటకపై ధాన్యపుబస్తాల నడుమ కూర్చుండబెట్టి, మా నాయనమ్మ లాంతరు చేతబట్టి గుమ్మముకడ పెరుగుచున్న నీటిని చూచుచు, గోదావరిని వేడుకొన్నదో, తిట్టినదో నాకు నేటికిని తెలియదు.

నీరు తీసినపిదప కొబ్బరిమొదళ్ల చుట్టును, శీతకాలమున చుట్టలకు పేరుపడిన లంకపొగాకు పెరుగు చేలనిండను, కొత్త ఒండ్రు మెత్తగా పరచుకొనియుండెను. దానిపై తొలి యడుగు నాదే కావలెనని పరుగెత్తితిని. అప్పటికే ఒక కొంగ నడచిపోయియుండెను.