ఆసిఫాబాద్ బస్సులో రెండు దస్తీలు

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగినంత మాత్రాన ఆసిఫాబాద్ వచ్చేసినట్టు కాదు. కాజీపేట–బల్హార్షా లైను మీద ఈ స్టేషన్ ఉండేది రెబ్బెన దగ్గర. పేరులో ఉన్న ‘రోడ్’ అంతా ఇంకా మన ముందే ఉంటుంది. మా తెనాలిలో రైలు దిగితే ఊరి నడిబొడ్డున ఉంటాం. ఇక్కడ చుట్టూ చూస్తే పత్తి చేలు, దూరంగా నీలంగా కొండలు. మాకు కొండ కనపడాలంటే మంగళగిరి వెళ్లాలి.

నాకు కుమ్రం భీం పోరాడిన జోడేఘాట్ చూడాలని ఉంది. నా వెంట వచ్చిన మేనల్లుడి సరదా వేరు. వాడు ఉపగ్రహాలతో మాట్లాడే చిన్న చిన్న యంత్రాల మీద పరిశోధన చేస్తున్నాడు. సెల్ టవర్ అందని అడవిలో వాన, చలి, వాగు మట్టం కొలిచే యంత్రం తన కబురు ఎలా పంపాలన్నది వాడి బెంగ.

ఆసిఫాబాద్ నిజాం కాలంలో ఒకప్పుడు జిల్లా కేంద్రం, 2016లో మళ్లీ అయింది. ఎక్కడ దారి అడిగినా పెద్దవాగును బట్టే చెబుతారు. వాగు ఎటుందో తెలియనివాడికి ఆ దారి వల్ల ఏం లాభం? తిరిగి తిరిగి ఒక టీ కొట్టు దగ్గర తేలాం. అక్కడ తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి నాలుగూ ఒకే బల్ల మీద వినిపించాయి. చాయ్ మాత్రం అందరూ ఒకేలా ఊదుకుంటూ తాగారు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, మిరపకాయ తొక్కు తిన్నాం. మేము పచ్చడిని అన్నంలో కలిపి నెయ్యి పోసి దాని కోపం తగ్గిస్తాం. ఇక్కడ రొట్టె ముక్కతో నేరుగా తొక్కును తాకడమే. కళ్లలో నీళ్లు తిరిగినా ఇంకో రొట్టె అడిగాను.

అసలు వింత బస్టాండులో. కెరమెరి వైపు వెళ్లే బస్సు ఇంకా ఆగకముందే జనం సీటు ఆపుకోవడానికి కిటికీల్లోంచి దస్తీలు (చేతిరుమాళ్లు), సంచులు, టిఫిన్ డబ్బాలు లోపలికి విసిరేశారు. మేం చూస్తూ నిలబడ్డాం.

“దస్తీ ఎయ్యలే సార్? నిలవడే పోతరు మరి,” అన్నాడు ఒక పెద్దాయన. ఆయన ఒక కిటికీలో దస్తీ, ఇంకో కిటికీలో సంచీ వేశాడు. లోపలికెళ్లి చూస్తే దస్తీ పడిన సీట్లో ఒక అమ్మాయి టిఫిన్ డబ్బా కూడా ఉంది. తగాదా అవుతుందనుకున్నాను. సంచీ ఉన్న సీటుకు మాత్రం పోటీ లేదు. ఆయన అక్కడ కూర్చుని, చెయ్యి చాపి దస్తీ లాక్కున్నాడు. అమ్మాయి తన డబ్బా తీసుకుని కూర్చుంది.

“మామయ్యా, నా థీసిస్ ఇదే!” అని అరిచాడు మావాడు. బస్సంతా వాడి వైపు తిరిగింది.

దారంతా కమ్మీ పట్టుకుని నిలబడే వాడి వివరణ విన్నాను. భూస్థిర ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద ఈ యంత్రానికి ఆ యంత్రం వినపడదు, కాబట్టి పక్కవాడు మాట్లాడుతున్నాడా అని ఆగి చూసే వీలు లేదు. కిటికీ బయటి నుంచి చూడకుండా దస్తీ విసరడమే. 1970ల మొదట్లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహా పద్ధతిని ఇలాగే మొదలుపెట్టింది: ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపడం, ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపడం. అందులో ఎంత బాగా నడిచినా దారి 18 శాతానికి మించి పనికిరాదు. కాలాన్ని గళ్లుగా కోసి, గడి మొదట్లోనే పంపమంటే అది 37 దాకా పెరిగింది.

“మరి వంతులు పెట్టొచ్చుగా?” అన్నాను.

“పెట్టారు మామయ్యా. మన వాతావరణ శాఖ యంత్రాలు కొన్ని ఒకే కబురును యాదృచ్ఛిక క్షణాల్లో మళ్లీ మళ్లీ ఇన్‌శాట్ ఉపగ్రహానికి పంపేవి. తర్వాత వచ్చినవాటిలో చాలా వాటికి జీపీఎస్ గడియారంతో వంతు కట్టారు. వందల యంత్రాలకైతే సరే. లక్షలుండి, ఎప్పుడో ఒకసారి నిద్ర లేచి నాలుగు అంకెలు చెప్పేవాటికి వంతు అడగడానికే ఇంకో కబురు కావాలి.”

2007లో యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఇంజనీర్లు, వారి సహచరులు మన పెద్దాయన పనే చేశారు. ప్రతి కబురూ రెండు గళ్లలో వెళుతుంది, ఒక్కో ప్రతిలో రెండోది ఎక్కడుందో రాసి ఉంటుంది. ఒకటి శుభ్రంగా అందితే రిసీవర్ దాని జంటను ఢీకొన్న గడిలోంచి తుడిచేస్తుంది. అక్కడ మిగిలింది ఎదుటివాడి కబురే. దాంతో వాడకం సగం దాటింది. 2011లో జియాన్‌లుయిజీ లీవా ఒక్కో యంత్రం ఒక్కో సంఖ్యలో ప్రతులు వేస్తే ఇంకా బాగుంటుందని చూపించాడు.

“అయితే అందరూ నాలుగేసి దస్తీలు వేస్తే పోలా?”

“జనం ఎక్కువైతే ఎవ్వరూ కూర్చోలేరు.” పైగా పంపిన ప్రతిసారీ బ్యాటరీ తగలేసినట్టేనట. ఈ మాట నాకు నచ్చింది. ప్రతి ఉపాయానికీ ఖర్చు చెప్పేవాణ్ణి నమ్మొచ్చు.

దారిలో ఒక మండల కార్యాలయం ఆవరణలో కంచె మధ్య స్తంభం, సోలార్ పలక, వాన కొలిచే గిన్నె కనిపించాయి. రాష్ట్రంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి, సెల్ నెట్‌వర్క్ మీదే కబురు పంపుతాయి. పెద్దాయన అటు చూపించి, “సలికాలం పేపర్ల మా సిర్పూర్ యు పేరే ముందొస్తది సార్,” అన్నాడు గర్వంగా. చలికి గర్వపడే ఊరును మా కృష్ణా డెల్టాలో ఊహించలేను.

హట్టి దగ్గర దిగి జోడేఘాట్‌కు ఆటో ఎక్కాం. ఎక్కేకొద్దీ ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే పోయాయి. 1940లో కుమ్రం భీం నిజాం బలగాలతో పోరాడుతూ ప్రాణం విడిచిన చోటు ఇదే. ఇప్పుడు విగ్రహం, మ్యూజియం ఉన్నాయి. మ్యూజియంలోని డోలు, గుస్సాడీ నర్తకుల నెమలి ఈకల కిరీటాల ముందు మావాడు సిగ్నల్ సంగతే మర్చిపోయాడు.

మీరు వెళ్తే దీపావళి ముందు రోజుల్లో వెళ్లండి, గోండుల దండారీ ఆటలు చూడొచ్చు. తిరుగు బస్సు ఎప్పుడో హట్టిలోనే కనుక్కోండి, పైన ఫోన్ చేసి అడగడం కుదరకపోవచ్చు. ఉట్నూరు మీదుగా వస్తే అక్కడి ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కొనుక్కోండి. మావాడు నాకు మిగల్చలేదు.