మౌసుకి సెలవు

విండోస్ 11 ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబులు 2022లోనే వచ్చాయి. నేనేమో మొన్నటిదాకా మౌసు పట్టుకుని ఒక్కోదాన్నీ నొక్కుతూనే ఉన్నా. పెళ్లి ఫొటోలు ఒక ట్యాబు, పెన్‌డ్రైవ్ ఇంకోటి, డౌన్‌లోడ్స్ మరోటి.

ఇప్పుడు చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరం వేలు ట్యాబ్ కీ మీద. టక్కుమని పక్కదానికి. షిఫ్ట్ కలిపితే వెనక్కి. కంట్రోల్ 3 కొడితే తిన్నగా మూడోదానికే! కొత్తదానికి కంట్రోల్ టీ, మూయడానికి కంట్రోల్ డబ్ల్యూ. మిగిలింది ఒక్క ట్యాబే అయితే మాత్రం డబ్ల్యూ జోలికి పోకండి, విండో మొత్తం మాయం.

ఆ ఊపులో ఆఫీసు ఉబుంటు కంప్యూటర్‌లో ఫైళ్ల విండో తెరిచి కంట్రోల్ 2 కొట్టా. ట్యాబు కదల్లేదు గానీ, ఫైళ్లు కనిపించే తీరే మారిపోయింది. అక్కడ ఆల్ట్ 2 కొట్టాలట. వేళ్లు వింటేగా!