నిద్ర పడుతోందా అని అడగలేదు

ఈమధ్య మేము కొందరం కార్యకర్తలం కలిసి ఒక చైనా ధారావాహిక చూశాం. పేరు 'స్టోరీ ఆఫ్ కున్నింగ్ ప్యాలెస్'. 2023లో వచ్చింది. 38 భాగాలు. షి జింగ్ రాసిన నవల దానికి ఆధారం.

కథలో షియె వెయ్ రాజగురువు. చిన్నప్పుడు ఒక తిరుగుబాటులో యువరాజును కాపాడటానికి అతన్ని శత్రువులకు అప్పగించారు. అప్పుడు 300 మంది పిల్లలు చనిపోయారు. అతను మిగిలాడు. పేరు మార్చుకుని, పగ తీర్చుకోవడానికి అదే రాజమందిరానికి తిరిగొచ్చాడు. సభలో ఎంతో నిబ్బరంగా ఉంటాడు. మంచు కురిస్తే మాత్రం మనసు అదుపు తప్పుతుంది. ఎదుట ఉన్నదెవరో తెలియదు. ఇలాంటి స్థితిని మన ఊళ్లలో 'గాలి సోకింది' అంటారు.

ఆ దృశ్యాలు చూస్తుంటే మాకు ఒక కుర్రవాడు గుర్తొచ్చాడు. భూమి గొడవలో తండ్రిని చంపారు. రెండేళ్లు మేము అతని వెంట కోర్టుకు తిరిగాం. సాక్షులు, వాయిదాలు, నష్టపరిహారం, అన్నీ మాట్లాడాం. రాత్రి నిద్ర పడుతోందా అని ఒక్కసారీ అడగలేదు. న్యాయశాస్త్రం చదివిన మాకు కాగితాల మీది గాయమే కనిపించింది. ఒకరోజు వాళ్లమ్మ వచ్చి, "వాడు గోడతో మాట్లాడుతున్నాడయ్యా" అంది.

కథలో జియాంగ్ షుయెనింగ్ చేసింది చూడండి. ఆమె కూడా గాయపడిన మనిషే. అధికారం మీద ఆశతో చెడి, తన ముగింపు చూసుకుని, మరో అవకాశం పొందింది. మొదట అతనంటే వణుకు. అయినా మంచులో అతను వశం తప్పినప్పుడు వదిలి పారిపోదు. అతను ఆమెకు ఏడు తంత్రుల వాద్యం నేర్పుతూ, మనసు నిలిచేదాకా వాయించవద్దని ఊరికే కూర్చోబెడతాడు. రోగి ఎవరు, వైద్యుడు ఎవరు అన్న గీత అక్కడ చెరిగిపోతుంది. మన పటాచార కథా ఇదే కదా. భర్తను, బిడ్డలను, తల్లిదండ్రులను పోగొట్టుకుని మతి తప్పిన ఆమె, బుద్ధుని మాటతో తేరుకుని, తర్వాత బిడ్డలు పోయిన ఎందరో తల్లులను ఓదార్చింది.

ఒక్క విషయంలో మాత్రం ఈ ధారావాహికను నమ్మకండి. ప్రేమ ఒక్కటే చాలదు. 'పెళ్లి చేస్తే కుదురుకుంటాడు' అని ఎన్ని ఇళ్లలో ఇద్దరి బతుకులు పాడుచేశారో మేము చూశాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అంటోంది. డాక్టరు కావాలి, మందులు కావాలి, పక్కన కూర్చునే మనిషీ కావాలి.

ఆ కుర్రవాణ్ణి మేమే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మందులు వాడుతున్నాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు వాయిదా సంగతి కన్నా ముందు నిద్ర సంగతి అడుగుతున్నాం. పోయిన నెల కోర్టు మెట్ల మీద అతనే అడిగాడు: "సార్, మరి మీకు నిద్ర పడుతోందా?"

మాలో ఎవరికీ వెంటనే జవాబు రాలేదు. నలుగురం అక్కడే అతని పక్కన కూర్చున్నాం.