కబురు చేస్తానన్న మనిషి

మైకేల్ టోల్కిన్ రాసిన ‘ది ప్లేయర్’ నవలలో గ్రిఫిన్ మిల్ ఉద్యోగం కథలు వినడం. హాలీవుడ్‌లో ఓ పెద్ద స్టూడియోలో అధికారి. పొద్దున్నుంచి రచయితలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆశగా కథ చెబుతుంటారు. అతను వింటాడు, బాగుందంటాడు, కబురు చేస్తానంటాడు, మరిచిపోతాడు. అలా మరిచిపోయిన వాళ్ళలో ఒకడు అతనికి పోస్టుకార్డులు పంపడం మొదలుపెడతాడు. పేరుండదు. మాట ఇచ్చి తప్పావు, రచయితలందరి తరఫునా నీ ప్రాణం తీస్తానన్నది వాటి సారాంశం.

1988లో వచ్చిన ఈ నవలను, సినిమా రంగం మీద నేను చదివిన నేర నవలలన్నిటికన్నా పైన పెడతాను. నల్లడబ్బు, మాఫియా, తారల రహస్యాలు... ఇవేవీ టోల్కిన్‌కు అక్కర్లేకపోయాయి. ఒక మనిషికి జవాబు రాకపోవడం చాలింది. ఆ రంగం రోజూ మామూలుగా చేసే పనిలోంచే నేరం పుట్టుకొచ్చింది.

గ్రిఫిన్ భయపడి పాత డైరీలు తిరగేస్తాడు. ఎవరిని నొప్పించాను? ఒక్కరైతే గుర్తుండేవారు. వందలమంది! చివరికి డేవిడ్ కహానే అన్న పేరు దగ్గర ఆగి, ఇతనే అయ్యుంటాడనుకుంటాడు. సినిమాకు నటుణ్ణి ఎంచుకునే అలవాటుతోనే తన శత్రువు వేషానికీ ఒక మనిషిని ఎంచుకున్నాడన్నమాట. అతణ్ణి వెతుక్కుంటూ ‘బైసికిల్ థీవ్స్’ ఆడుతున్న హాలుకు వెళతాడు. దర్శకుడు డి సికా 1948లో తీసిన ఆ సినిమాలో పేదవాడికి సైకిలు పోతే ఉద్యోగమే పోయేలా ఉంటుంది. అలాంటి సినిమా చూసి బయటికొచ్చిన రచయితకు గ్రిఫిన్ ఒక అవకాశం ఎర చూపి గొడవ సర్దుకోబోతాడు. మాటా మాటా పెరుగుతుంది. కహానే ప్రాణం పోతుంది. ఆ తర్వాత మరో కార్డు వస్తుంది. చచ్చినవాడు కార్డులు రాసినవాడు కాదు.

నవ్వొస్తుంది, వెంటనే గొంతు పట్టేస్తుంది. చంపడానికి కూడా సరైన రచయితను గుర్తుపెట్టుకోలేకపోయాడే అనిపిస్తుంది.

మనకు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ అలవాటు. హంతకుడెవరో యుగంధర్ తేల్చి చెబుతాడు, మనం నిశ్చింతగా పుస్తకం మూసేస్తాం. టోల్కిన్ ఆ నిశ్చింత ఇవ్వడు. హంతకుడి బుర్రలోనే మనల్ని కూర్చోబెడతాడు. హత్య చేసిన మనిషి మీటింగులకు వెళతాడు, తన కుర్చీకి ఎసరు పెట్టడానికొచ్చిన కొత్త అధికారిని చూసి బెంగపడతాడు, చచ్చినవాడి ప్రియురాలి మీదే మనసు పారేసుకుంటాడు. పోలీసుల భయమూ ఉద్యోగం ఊడుతుందన్న భయమూ అతనికి ఒకటే బరువు. చదువుతూ చదువుతూ ఒకచోట, ఇతను దొరక్కూడదని నేనూ కోరుకుంటున్నట్టు తెలిసి ఉలిక్కిపడ్డాను. ఏ నీతి వాక్యమూ చెప్పకుండా పాఠకుణ్ణి అక్కడిదాకా లాక్కెళ్ళడం చిన్న పనితనం కాదు.

1988లోనే అమెరికాలో సినిమా, టీవీ రచయితలు మార్చి నుంచి ఆగస్టు దాకా సమ్మె చేశారు. 2023లో మళ్ళీ 148 రోజులు చేశారు. నవలకు ఆ సమ్మెలతో సంబంధం లేదు. అయినా కథ పుట్టించేవాడికి బల్ల అవతలి మనిషి ఇచ్చే విలువెంత అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

రాబర్ట్ ఆల్ట్‌మన్ 1992లో ఈ నవలను సినిమాగా తీశాడు. స్క్రీన్‌ప్లే టోల్కిన్‌దే. మొదటి షాటు దాదాపు ఎనిమిది నిమిషాలు కట్ లేకుండా సాగుతుంది. స్టూడియో ఆవరణలో కెమెరా తిరుగుతుంటే, గదిలో రచయితలు కథలు చెబుతూనే ఉంటారు. అరవై మందికి పైగా తారలు తమ సొంత పేర్లతోనే కనిపిస్తారు. ఆల్ట్‌మన్‌కూ, గ్రిఫిన్‌గా వేసిన టిమ్ రాబిన్స్‌కూ కాన్ చలనచిత్రోత్సవంలో బహుమతులు వచ్చాయి. ఏడాదికి యాభై వేల కథలు స్టూడియోకు వస్తే పన్నెండింటికే సరేనంటామని సినిమాలో గ్రిఫినే లెక్క చెబుతాడు. ఆ లెక్క విన్నాక అతని మీద కాస్త జాలి కూడా కలుగుతుంది. చివర్లో పోలీసులు అనుమానితుల్ని వరుసగా నిలబెడితే సాక్షి వేరే మనిషిని చూపిస్తుంది. గ్రిఫిన్ బయటపడతాడు. అప్పుడు కార్డుల రచయిత ఫోన్ చేసి ఒక కథ చెబుతాడు. రచయితను చంపి తప్పించుకున్న స్టూడియో అధికారి కథ. ఈసారి మాత్రం గ్రిఫిన్ శ్రద్ధగా వింటాడు, ఒప్పుకుంటాడు.

మన సినిమా లోకం మీద రావూరి భరద్వాజ ‘పాకుడురాళ్ళు’ రాశారు. ఒక నటి ఎదుగుదలనూ పతనాన్నీ దాచకుండా చెప్పిన నవల అది. రచయిత బతుకు మీద అంత బలమైన నేర నవల మనకింకా రావాలి. సరుకంతా హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో ఉంది. నెలల తరబడి కథా సిట్టింగులు, భోజనం పెట్టి పారితోషికం ఎగ్గొట్టే ఆఫీసులు, టైటిల్ కార్డులో పేరుకు నోచుకోని ఘోస్ట్ రైటర్లు, కథను రచయితల సంఘంలో రిజిస్టరు చేయించుకుని ఆ కాగితాన్ని పదిలంగా దాచుకునేవాళ్ళు, రిలీజు రోజు మార్నింగ్ షోలో తన సీను తెరమీద చూసి పక్కవాడికి చెప్పుకోలేనివాళ్ళు. బయటినుంచి చూసినవాడు దీన్ని రాస్తే గాసిప్ అవుతుంది. పదేళ్ళు ఘోస్టుగా రాసి, డైలాగు పట్టే చెవి ఉండి, ఎవరిమీదా కసి తీర్చుకోవాలనుకోని మనిషి రాయాలి. నిర్మాతకు కూడా ఒక అధ్యాయం ఇవ్వాలి, వడ్డీలు కట్టలేక అతను నిద్రపోని రాత్రి ఒకటి. అలాంటి రాతప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ప్రచురణకర్తలు ఆలస్యం చేయకుండా చదవాలి, నచ్చకపోతే ఆ మాట వారంలోగా రచయితకు చెప్పాలి.